మొదటి పేరు

అద్దాల మేడ ఆరో అంతస్తు తుడుస్తూ మతీన్ కింద పడటం అమీర్‌పేట చౌరస్తా అంతా చూసింది. కంప్యూటర్ కోర్సులకొచ్చిన పిల్లలు చూశారు, టీ బండివాడు చూశాడు. ఆ దరిదాపుల్లో లేని కాంట్రాక్టరు మాత్రం రాసేశాడు: "బెల్టు తనే విప్పుకున్నాడు. తప్పు అతనిదే." మేడ యజమాని కాంట్రాక్టర్‌ను చూపించాడు, కాంట్రాక్టరు మంచాన పడ్డ మతీన్‌ను చూపించాడు.

మోకులు కట్టేది రాజనర్సయ్య. గోడలకు రంగులేసిన రోజుల నుంచీ అతనే ఉస్తాద్. పొద్దున్నే మోకు లాగి చూసి "పో బిడ్డా" అంటే తప్ప ఒక్కడూ దిగడు. అంతటి మనిషిని వదిలేసి, పనివాళ్ల తరఫు లాయరు రవళి మతీన్ కోసం వేసిన కేసులో మొదటి పేరు అతని దగ్గర పని నేర్చిన సర్దార్‌ది రాసింది, చదువొచ్చినవాడని. అప్పటి నుంచి అందరి నోటా 'సర్దార్ కేసు'. రాజనర్సయ్య కళ్లలో నిప్పులు పోసుకున్నాడు.

పనివాళ్లంతా యూసుఫ్‌గూడలో తాముండే గదిలో మీటింగు పెట్టుకుంటే లేచి నిలబడ్డాడు.

"ముడి ఏసుడు నేర్పింది నేను. గీ పోరడు నాకంటె పెద్దోడయిండా?"

"పేరుదేముందన్నా! జర మతీన్ గురించి మాట్లాడు" అన్నాడు సర్దార్.

ఆ 'అన్నా' కూడా రాజనర్సయ్యకు వెక్కిరింతలాగే వినపడింది.

కాంట్రాక్టు కంపెనీ మేనేజర్ అచ్యుతరావుకు ఈ సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఏంటి నర్సయ్యగారూ, సర్దారు, ఇంకా ఇరవై మంది అని రాశారంట! ఆ ఇరవైలో మీరొకరా? ఇదిగోండి, సాక్షి కాగితం. దీంట్లో మొదటి పేరు మీదే."

మతీన్ బెల్టు విప్పుకోవడం కళ్లారా చూశానని అందులో ఉంది. చదివి వినిపించి, ప్రమాణం కూడా చేయించారు. రాజనర్సయ్య తెలియక వేలిముద్ర వేయలేదు, కడుపుమంటతో వేశాడు.

విచారణ నాటి పొద్దున, మేడ గేటు ముందు నినాదాలిచ్చాడని సర్దార్‌ను పోలీసులు జీపెక్కించారు. కోర్టులో బంట్రోతు "సర్దార్! సర్దార్! సర్దార్!" అని పిలిచాడు. సర్దార్ ఇంకా పోలీస్ స్టేషన్లోనే ఉన్నాడు. పేరు ముందుంటే దెబ్బా ముందే పడుతుందని రాజనర్సయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. మతీన్ భార్య బతూల్ అతనివైపే చూస్తోంది. మా మనిషే, ఏదో చెబుతాడనే ఆశ ఆమెకు.

కంపెనీ లాయరు కాగితం పైకెత్తాడు. "ఈ వేలిముద్ర మీదేనా?"

"ఏలు నాదే సార్, మాట నాది గాదు. సర్దార్ పేరు ముందటున్నదని కండ్లమంటతోని ఏసిన. మతీన్ బెల్టు ఇప్పలే. హుక్కు అరిగిందని ఎన్నిసార్లు చెప్పినా వీళ్లు కొత్తది ఇయ్యలే. అరిగిందని తెలిసి సుత నేను గా పొద్దు మోకు గుంజి 'పో బిడ్డా' అన్న. గది సుత రాసుకోండ్రి."

మతీన్ పడ్డ రోజే ఏరి దాచుకున్న విరిగిన హుక్కును నడుం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. బతూల్ కొంగు నోట్లో కుక్కుకుంది. కేసు వాయిదా పడింది.

మర్నాడు మేడ గేటు దగ్గరికే వచ్చారు పోలీసులు. హుక్కు ఇవ్వనివాడి మీద కేసు లేదు. ప్రమాణం చేసి అబద్ధపు కాగితం ఇచ్చాడని రాజనర్సయ్య మీద మాత్రం కేసు. జీపెక్కించారు.

అచ్యుతరావు చేతులు దులుపుకున్నాడు. "ఉస్తాద్ పోయాడుగా! ఇప్పుడు మీలో మొదటి పేరు ఎవరిదో చెప్పండి, రాసుకుంటాను."

మేడ మీదికి బకెట్లు మోసే భూలక్ష్మి ముందుకొచ్చింది. ఒక బెల్టు తీసి అతని కాళ్ల ముందు పడేసింది.

"కొత్త హుక్కులు వచ్చేదాక ఎవ్వలం ఎక్కం. పేరు గావాల్నా? రాసుకో, భూలక్ష్మి!"

దాని మీద ఇంకో బెల్టు పడింది, ఇంకో పేరు వినపడింది. కోర్సుల పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని ఆగిపోయారు. బెల్టులు గుట్టపడుతున్నాయి. ఎవరి పేరు వాళ్లే గొంతు చించుకుని చెబుతున్నారు.

గేటు దగ్గర ఇంకా కదలని జీపులో కూర్చుని రాజనర్సయ్య విన్నాడు. తనకంటే ముందు అన్ని పేర్లు వినపడ్డా ఈసారి అతని కళ్లు మండలేదు. అందరూ అయ్యేదాకా ఆగి, జీపు కదులుతుంటే తల బయటపెట్టి చిట్టచివర తన పేరు తనే అరిచాడు.