కూటం రోజున ఆగిన పంపు

చారు పొయ్యి మీద పెట్టి, అది మరిగేలోపు ప్రేమలీల చేపల తొట్టె పంపు విప్పింది. సింకు పక్కన బేసిన్‌లో వెనిగర్ పోసి, లోపలి చిన్న చక్రాన్ని అందులో నానేసి, పాత పళ్ళబ్రష్షుతో ఉప్పు పెచ్చులు గీకుతోంది. హాల్లో నాలుగడుగుల గాజు తొట్టెలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఎక్కువసేపు అలా ఉంచకూడదు, చేపలకి ఊపిరాడదు. ఆరేళ్ళుగా పదిహేను రోజులకోసారి చేస్తున్న పనే కాబట్టి చేతులు వాటంతటవే కదులుతున్నాయి. కానీ చక్రం మధ్యలో ఉండే సన్నటి ఇరుసు ఒక పక్కకి అరిగిపోయి గోటికి తగులుతోంది. మూడు వారాలుగా పంపు గరగరమంటున్నది అందుకే. మళ్ళీ బిగించి స్విచ్ వేస్తే తిరగలేదు. ఊడదీసి వేలితో తిప్పి, మళ్ళీ పెట్టి, మూడోసారికి గానీ అది కదల్లేదు. ఈలోపు చారు పొంగి పొయ్యంతా పాడైంది.

తొట్టె ఆమె భర్త ఆనందకుమార్‌ది. ఉక్కు కర్మాగారంలో పంపుహౌస్ ఫోర్‌మన్ ఆయన. ఎవరో పెద్ద ఆఫీసరు ఇంట్లో ఉప్పునీటి చేపల్ని చూసొచ్చి, మనకీ ఉండాల్సిందేనని తెచ్చాడు. మొదటి నెల అద్దం తనే తుడిచాడు. తర్వాత షిఫ్టులు మారాయన్నాడు. అప్పట్నుంచీ తొట్టె ఆయనది, చాకిరీ ఆవిడది. ఇందులో వింతేమీ లేదు, ఆ ఇంట్లో చాలా వస్తువుల సంగతి అంతే. జాలారిపేట నుంచి పోతమ్మ క్యాన్లలో సముద్రపు నీళ్ళు తెస్తుంది. ఆమె మొగుడు అలలు దాటి లోపలికి వెళ్ళి పడవలో నింపుకొచ్చే శుభ్రమైన నీళ్ళు అవి. వాటిని వడకట్టడం, ఉప్పు ఎంతుందో చూడటం, ఆవిరై తగ్గిన నీటికి మాత్రం మంచినీళ్ళే కలపడం ప్రేమలీల పని. ఒక ఆదివారం స్నేహితులొచ్చారని ఆనందకుమార్ ఉత్సాహంగా క్యాను ఎత్తి తగ్గినమేరా సముద్రపు నీళ్ళే పోసేశాడు. ఉప్పు ఆవిరి కాదు కదా, ఉన్న ఉప్పుకి ఇంకా ఉప్పు చేరి రెండు చేపలు చచ్చిపోయాయి. "పోతమ్మ ఏ మురికినీళ్ళు తెచ్చిందో" అన్నాడు. పాపం పోతమ్మకి ఆ సంగతే తెలీదు. వచ్చినప్పుడల్లా క్యాను దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "అమ్మా, నీ సేపలు బాగున్నాయా?" అని అడుగుతుంది. ఈ భూమ్మీద వాటిని ప్రేమలీల చేపలు అన్న మనిషి ఆవిడొక్కతే.

పెళ్ళికి రెండేళ్ళ ముందు నుంచీ ప్రేమలీల ఒక కాలేజీలో జువాలజీ లాబ్ చూసుకునేది. కూతురు స్టెఫీ పుట్టాక మానేసింది. మళ్ళీ వెళ్తానన్నప్పుడు ఆనందకుమార్ నవ్వాడు. "కప్పలు కోసే ఉద్యోగానికి పరుగులేటి లీలా? ఇంట్లో నీకేటి తక్కువ?" అత్తగారు కనకరత్నం కొంచెం దూరం ఆలోచించింది. "నువ్వెళ్తే ఆడికి కేరేజీ ఎవలు కడతారు?" ఈ మాటలకి పద్నాలుగేళ్ళు. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ కొట్టలేదు. బయటివాళ్ళకి చెబితే ఇదీ ఒక బాధేనా అంటారని ఆమె ఎవరికీ చెప్పలేదు.

తొట్టెలో నారింజరంగు మీద తెల్లచారల చేపల జంట ఒకటుంది. వారం కిందట పగిలిన పూలకుండీ పెంకు మీద గుడ్లు పెట్టాయి. ఇంతకు ముందు రెండుసార్లు పెట్టాయిగానీ పిల్లలు రెండోరోజుకే చచ్చిపోయాయి. అంత చిన్న నోళ్ళకి పట్టే తిండి లేదు. ఈసారి ప్రేమలీల ముందే బాల్కనీలో బకెట్లు పెట్టి నీళ్ళు పచ్చబడనిచ్చి, అందులో కంటికి ఆనని పురుగుల్ని నెలన్నరపాటు పెంచింది. వేరే తొట్టె సిద్ధం చేసింది. గుడ్లకి మగచేప కాపలా. రెక్కలతో విసురుతూ, నోటితో తుడుస్తూ, తిండికి కూడా దూరం పోదు. "మమ్మీ, దీన్ని డాడీకి ఒకసారి చూపించు" అని స్టెఫీ నవ్వింది. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. గుడ్లలో ఇప్పుడు వెండి చుక్కల్లా కళ్ళు కనిపిస్తున్నాయి. రేపు చీకటి పడ్డాక పిల్లలు బయటికొస్తాయి. ఇన్నేళ్ళలో ఎవరూ అడక్కుండా, ఎవరి కడుపు నింపడానికీ కాకుండా ఆమె చేసుకున్న పని ఇదొక్కటే. అవి బతకాలని రోజూ ప్రార్థించింది. చేపగుడ్ల కోసం ప్రార్థనేమిటని దేవుడు అనుకుంటాడేమోనని కొంచెం సిగ్గుపడింది కూడా.

పంపు సంగతి సోమవారమే ఆనందకుమార్‌కి నాలుగోసారి చెప్పింది. "ఏవండీ, ఇరుసు అరిగిపోనాది. కొత్తది తెప్పించండి."

"ప్లాంటులో ఏనుగులంతేసి పంపులు తిప్పుతన్నాను నాను. అరచేతిలో పట్టే పంపు గురించి నువ్వు చెప్తావేటి నాకు?"

ఇక లాభం లేదని ఆమే మద్దిలపాలెంలో చేపల దుకాణం త్రినాథరావుకి ఫోన్ చేసి, ఇరుసు తెప్పించమంది. రెండు రోజుల తర్వాత అడిగితే అతను ఇబ్బందిగా, "సార్ వద్దన్నారు కదమ్మా. ఆయనే ఫోన్ చేసి కేన్సిల్ చేసేసేరు" అన్నాడు. ప్రేమలీల ఫోన్ పెట్టేసింది. తనకి తెలిసిన ఒక్క విషయంలో కూడా తన మాట చెల్లదన్నమాట. కోపం రాలేదు. ఏడుపొచ్చింది, అదీ సగంలోనే ఆగిపోయింది, అప్పుడే కుక్కర్ కూత వేసింది.

మర్నాడు శుక్రవారం గృహకూటం వీళ్ళింట్లో. చర్చి వాళ్ళు వంతుల ప్రకారం ఒక్కో ఇంట్లో కలుస్తారు. నలభై మంది. పొద్దున్నే ఆనందకుమార్‌తో, "ఈరోజు ఆ పంపు ఒక్క నిమిషం కూడా ఆపకండి. ఆపితే మళ్ళీ తిరగదు. గుడ్లలోంచి ఇవాళే పిల్లలొస్తాయి" అని చెప్పింది. ఆయన ఫోన్ చూసుకుంటూ ఊఁ అన్నాడు.

ఆరింటికి పాటలు మొదలయ్యాయి. హాలునిండా జనం, ఏసీ కోసం తలుపులన్నీ మూశారు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను హోరు, బిర్యానీ దమ్ము, పక్కన ఉల్లిపాయలు తరిగే ఇద్దరు ఆడవాళ్ళు. మధ్యలో మంచినీళ్ళ ట్రే పట్టుకుని గుమ్మందాకా వెళ్ళింది. తొట్టెకి అడ్డంగా మనుషుల వీపులున్నాయి. ఆనందకుమార్ నిలబడి సాక్ష్యం చెప్తున్నాడు. "సముద్రాన్నే నా ఇంట్లో పెట్టుకునే జ్ఞానం ప్రభువు నా చేతులకి ఇచ్చాడు." అందరూ ఆమెన్ అన్నారు. ట్రే ఎవరికో అందించి ఆమె వెనక్కి వచ్చేసింది. మూడు వారాలుగా నిద్రలో కూడా వినపడిన గరగర ఆగిపోతే, ఆ చెవులకే తెలియలేదు. అందుకు ఆమె తనని తాను ఎప్పటికీ క్షమించుకోలేకపోయింది.

ఆఖరి ప్రార్థన అయ్యేసరికి ఎనిమిదిన్నర. పాస్టరు అయ్యగారి చిన్న మనవరాలు అద్దానికి మొహం ఆనించి, "చేపలు బజ్జున్నాయి" అంది.

అప్పుడే గుమ్మంలోకొచ్చిన ప్రేమలీల గరిటెతోనే పరిగెత్తింది. పెద్ద చేపలు నీళ్ళ మీద నోళ్ళు తెరిచి ఉన్నాయి, అవీ కదలడం లేదు. ఆడచేప ఇసుకలో పక్కకి ఒరిగిపోయింది. మగచేప పెంకుని వదల్లేదు, గుడ్ల మీదే అడ్డంగా పడి ఉంది. స్విచ్ చూస్తే ఆపేసి ఉంది. వేసింది. పంపు ఒకసారి గర్రుమని ఊరుకుంది. చెయ్యి ముంచి ఊడదీసి, వేలితో తిప్పి, మళ్ళీ పెట్టింది. తిరగలేదు. స్టీలు జగ్గుతో నీళ్ళు ముంచి, గాలి కలుస్తుందని పైనుంచి పోసింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసింది. చీర ముందంతా తడిసిపోయింది. ఎవరో భుజం పట్టుకుని "ఇంక చాలు సిస్టర్" అన్నారు. పెంకు చేతిలోకి తీసుకుంది. వెండి చుక్కలు మసకబారిపోయి గుడ్లన్నీ తెల్లగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఆమెకి కన్నీళ్ళొచ్చాయి.

"నిన్న నువ్వే కదా విప్పేవు లీలా?" ఆనందకుమార్ అందరికీ వినపడేలా అన్నాడు. "స్విచ్ ఆపేసి మర్చిపోయినట్టున్నావు."

ఆమె అత్తగారి వంక చూసింది. స్విచ్‌బోర్డు కిందే కుర్చీలో కూర్చున్న కనకరత్నం బైబిలు సంచి జిప్పు లాక్కుంటోంది. ఆనందకుమార్ కూతురి వైపు తిరిగాడు. "ఏం స్టెఫీ?"

"అవును డాడీ. మమ్మీయే అయ్యుంటాది."

అప్పుడు జరిగింది చూడండి, ఎంత అన్యాయమో. ప్రేమలీల నిజంగా అనుమానపడింది. నానే ఆపేనా? పొద్దున్న గాజు తుడుస్తూ? బిర్యానీ హడావుడిలో? పద్నాలుగేళ్ళుగా ఉప్పెక్కువైనా, తాళంచెవి పోయినా, పిల్లకి మార్కులు తగ్గినా తప్పు తనదేనని వినీ వినీ, తన చేతుల్నే తను నమ్మలేకపోయింది. "సారీ అండీ" అంది. అందరికీ. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని, నలభై పళ్ళేల్లో బిర్యానీ పెట్టింది.

కాసేపటికి కనకరత్నం లోపలికొచ్చి మెల్లగా అంది. "ఒప్పేసుకున్నావు, మంచి పని చేసేవు పిల్లా. పంపు గోలకి అయ్యగోరి మాట వినబడక ఆడే ఆపేసినాడు. అందరి ముందల ఆడు తల దించుకోవాలేటి? సేపలే కదా, మళ్ళీ కొంటాడు."

ప్రేమలీల పెరుగుచట్నీ గిన్నెలోకి తీసింది. దాని కోసం స్టెఫీ వచ్చింది. ఆ పిల్ల కూడా ముందు వరసలోనే కూర్చుంది.

"డాడీ ఆపడం నువ్వు చూసేవా?"

స్టెఫీ తల దించుకుంది. "చూసేను."

"మరి నా పేరు ఎందుకు చెప్పేవమ్మా?"

పిల్ల మొహంలో భయం లేదు, చెడ్డతనం లేదు. లెక్కల్లో తేలికైన దారి చెప్పినట్టు చెప్పింది. "డాడీ పేరు చెప్తే ఇంట్లో నెల్లాళ్ళు గొడవ మమ్మీ. నీ పేరు చెప్తే ఏటీ అవదు కదా."

చేపలు పోయినందుకు ఇందాక కన్నీళ్ళు వచ్చాయి. ఇప్పుడు రాలేదు. ఆ మాట ఆ పిల్లకి ఎవరు నేర్పారో ప్రేమలీలకి తెలుసు. ఆనందకుమార్ ఒక్కడే కాదు, కనకరత్నం ఒక్కతే కాదు. తాను మింగిన ప్రతి మాటా పక్కన కూర్చుని ఆ పిల్ల చూస్తూనే ఉంది. రేపు తనకో ఇల్లు వచ్చాక అక్కడ ఏ పేరు చెప్తే ఏమీ కాదో కూడా ఈ వంటింట్లోనే నేర్చేసుకుంటోంది. ప్రేమలీల పెరుగుగిన్నె గట్టు మీద పెట్టేసి హాల్లోకి నడిచింది.

అందరి చేతుల్లో పళ్ళేలున్నాయి. ఆనందకుమార్ అయ్యగారి పక్కన కూర్చుని ప్లాంటు కబుర్లు చెప్తున్నాడు. ఆమె తొట్టె పక్కన నిలబడింది. గొంతు మామూలుగానే వచ్చింది.

"అయ్యగారూ, ఇందాక నాను సారీ చెప్పేను. అది వెనక్కి తీసుకుంటన్నాను. పంపు ఆపింది నాను కాదు. మీ మాట వినబడట్లేదని ఈయనే ఆపేరు. ఆపొద్దని పొద్దున్నే చెప్పేను. నా చేపలు అందుకే చచ్చిపోనాయి."

ఎవరూ నమలడం లేదు. "లీలా" అన్నాడు ఆనందకుమార్, ఎప్పుడూ అనే ఆ గొంతుతోనే. ఆమె అతని వైపు చూడలేదు. వంటింటి గుమ్మంలో బిగుసుకుపోయి నిలబడ్డ పిల్ల వైపు తిరిగింది.

"నెల్లాళ్ళు గొడవే కదా స్టెఫీ. అవనీ."