గుల్లల చారు కాచిన దాక

నేను ఒక మట్టి దాకను. మూతి వెడల్పు, కడుపు లోతు. కుమ్మరి సన్నాసయ్య నన్ను చేసి, కాల్చి, సంతలో గడ్డి మీద బోర్లించాడు. కొనేవాళ్లు వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని మరీ చూశారు. సంబంధాలు కలుపుకొనేటప్పుడు మనుషులు ఇంత శ్రద్ధ చూపరు.

నేను చేరింది ఉప్పుటేటి ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇంటికి. ఆ ఇంటి పెద్దావిడ నూకరత్నం. ఆ ఏడు ఆమెకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది గాని, తిండి మీదికి మనసు పోలేదు. పది రోజులుగా గంజి కూడా పక్కకు నెట్టేస్తోంది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఒక ఉదయం ఆమే, "గుల్లల చారుంతే తాగుదునే" అంది.

కోడలు రాజులమ్మది మెట్ట ఊరు. పెంకు లోపల మాంసముండే ఏటి గుల్లను ముట్టి ఎరగదు. ఆడబిడ్డ గౌరి ఏటి బురదలో కాళ్లతో తడిమి, బుట్టెడు గుల్లలు ఏరి తెచ్చి, వలలు ఆరబెట్టడానికి వెళ్లింది. రాజులమ్మ వాటిని నాలో పోసి, బావి నీళ్లు నాలుగుసార్లు మార్చింది. నన్ను కూడా ఎవరూ అంత శుభ్రంగా కడగలేదు. గుల్లలు మాత్రం గట్టిగా మూసుకుపోయాయి. ఇసుక లోపలే ఉండిపోయింది.

గౌరి తిరిగొచ్చి చూసింది.

"ఏటి వదినా, బావి నీళ్లలో ఏసీసినావా? ఇయ్యి ఉప్పునీటి పేనాలు. తీపి నీళ్లలో నోరు తెరవ్వు."

"మురికి పోవాలని కడిగేనే."

"పోయేది మురికి కాదు, గుల్లల పేనం. సచ్చిన గుల్లతో కాసినావంతే అమ్మ మల్లీ మంచం దిగదు."

రాజులమ్మ బిందె తీసుకుని ఏటికి పరుగెత్తింది. తెచ్చిన నీళ్లు నాలో పోసి, గోనె కప్పి, పక్కనే కూర్చుంది. గోనె ఎత్తి చూడడం, మళ్లీ కప్పడం. ఎత్తి చూస్తే త్వరగా తెరుచుకుంటాయని మనుషుల నమ్మకం కాబోలు. మధ్యాహ్నం దాటాక ఒకటి కాస్త విచ్చుకుంది. తర్వాత ఇంకొకటి. సాయంత్రానికి ఇసుకంతా నా అడుగుకు దిగింది.

విచ్చుకోని నాలుగింటిని పారేసి, మిగతావాటిని, నన్నూ కడిగి పొయ్యి మీదికి ఎక్కించింది. చింతపండు పులుసు, దంచిన మిరియాలు, వెల్లుల్లి, పసుపు వేసింది. గుల్లల్లోనే ఉప్పుంటుందని గౌరి చెబితే చిటికెడుతో ఆపింది.

నూకరత్నం గోడకు ఆనుకుని మొదటి గుక్క తాగింది.

"ఉప్పు సాల్లేదు," అంది అత్త. గిన్నె ఖాళీ చేసి ముందుకు చాపింది. "ఇంకొంచెం పొయ్యి."

మరుసటి ఏడు నా అడుగు పగిలింది. పెరట్లో కోళ్లకు నూకలు వేసే పెంకునయ్యాను. నా బదులు కొత్త దాక వచ్చింది. దాన్ని సంత నుంచి నెత్తిన పెట్టుకుని మూడు మైళ్లు నడిచి తెచ్చింది నూకరత్నమే. దారంతా ఎక్కడా కూర్చోలేదట.