చెవిలో ఉండాల్సిన బిళ్ల

వికారాబాద్ ఆఫీసులో కూర్చున్న వాళ్లకు చావు మీద నమ్మకం ఉండదు, ఫొటో మీదే ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఊరూరా తిరిగి చచ్చిన గొర్రెలను చూసొచ్చే నవీన్‌కుమార్‌కు ఈ సంగతి తెలియంది కాదు. గొర్రె, దాని చెవి, చెవిలో కంపెనీ నంబరున్న పసుప్పచ్చ బిళ్ల, మూడూ ఒకే ఫొటోలో పడాలి. పడలేదా, కంపెనీ దృష్టిలో ఆ గొర్రె పుట్టనూ లేదు, చావనూ లేదు.

తాండూరు దాటి, నాపరాళ్ల గనుల దుమ్మంతా మింగి, కందిచేల మధ్య బండి ఆపేసరికి బిచ్చయ్య గొర్రెలు తుమ్మచెట్టు కింద పడి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం పిడుగు పడింది. వానకు చెట్టు కిందికి చేరిన మంద చేరినట్టే పోయింది. బతికిన పిల్లలు రెండు చచ్చిన తల్లుల పొదుగులు కుమ్ముతున్నాయి. పాపం, వాటికెవరు చెప్పాలి?

బిచ్చయ్యకు గుంటెడు భూమి లేదు. ఈ క్లెయిమ్ వస్తే మళ్లీ నాలుగు జీవాలు కొనుక్కుంటాడు. రాకపోతే ఈ ముసలితనంలో బండల పాలిష్ మిల్లుకు కూలికి పోవాలి. ఎలాగైనా ఇప్పించాలనే నవీన్‌కుమార్ పొద్దున్నే బయలుదేరి వచ్చాడు.

వంగి ఒక గొర్రె చెవి తిప్పి చూశాడు. చిల్లు ఉంది, బిళ్ల లేదు. ఇంకోటి చూశాడు. అదీ అంతే.

"బిళ్లలేవి పెద్దాయనా?"

అంత దుఃఖంలోనూ బిచ్చయ్య ముఖం విప్పారింది. "ఫికర్ జెయ్యకు సారూ, ఒక్కటి గూడ పోలే. ఏమే, గా మూట ఇయ్యి."

పక్కనే కూర్చున్న అతని భార్య హన్మమ్మ ఒళ్లోంచి మూట తీసి విప్పింది. కడిగి, తుడిచి, పసుపు గుడ్డలో కట్టిన బిళ్లలు.

"వానలకు చెవులు పుండ్లయి పురుగు పట్టె సారూ," అంది. "కంపల పడి ఊడిపోతయేమోనని గూడ భయమాయె. ఉన్ని కత్తిరిచ్చిన నాడే ఇవి గూడ కత్తిరిచ్చి సందుగల వెట్టిన. నువ్వే జెప్పితివి గద, రేషన్ కార్డు లెక్క జాగ్రత్త పెట్టుకోండ్రి, బిళ్ల పోతె పైసల్ రావని."

చెప్పాడు మరి! ఈ ఊళ్లోనే కాదు, మర్పల్లి నుంచి కోట్‌పల్లి దాకా బిళ్లలు వేసిన ప్రతి క్యాంపులో అదే చెప్పాడు. జనానికి ఎంత బాగా ఎక్కించానో అని తనలో తాను మురిసిపోయాడు కూడా. రేషన్ కార్డును గొర్రె చెవికి గుచ్చి వానలో తిప్పేవాళ్లు ఎవరైనా ఉంటారా? సందుగ పెట్టెలోనే పెడతారు. ఆ మాత్రం తట్టలేదు మహానుభావుడికి.

పక్కకు వెళ్లి మేనేజర్ అరుణాదేవికి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఈ బిళ్లలు నా చేతులతో నేనే వేశాను. ఆయన అబద్ధమాడే మనిషి కాదు."

"నేను నమ్ముతాను నవీన్. పైవాళ్లు నమ్మాలి కదా. పోయిన నెల ఇలాంటిదే పాస్ చేస్తే నాకు మెమో ఇచ్చారు. చెవిలో ఉన్న ఫొటో పంపండి, లేకపోతే రిజెక్ట్ రాయండి."

చివరికి ఆ ఫొటో ప్రయత్నమూ చేశాడు. బిచ్చయ్య గొర్రె తల ఎత్తి పట్టుకుంటే, బిళ్లను చెవికి అదిమి ఫొటో తీశాడు. తెగిన బిళ్ల నిలుస్తుందా? జారిపోతుంటే వేలితో నొక్కిపట్టి మళ్లీ తీసి పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. "వేలు కనిపిస్తోంది. రిజెక్ట్ రాసేయండి."

"పైసలు రావు పెద్దాయనా," అన్నాడు తల వంచుకుని. "బిళ్ల చెవిలోనే ఉండాలె."

బిచ్చయ్య గొర్రె తలను మెల్లగా కింద పెట్టాడు. "మరి గా ముచ్చట గప్పుడే జెప్పకపోతివి సారూ?"

తిట్టినా బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆ ముసలాయన నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

అంతలో బిచ్చయ్య పక్కింటి మల్లేశ్వర్ చేతిలో ఒక మూటతో ఊళ్లోంచి ఉరికొచ్చాడు. "సారు బిళ్లలు చూస్తున్నడంట గద? మాయి గూడ చూడు సారూ, మస్తు భద్రంగ పెట్టినం." అతని వెనకే వాడంతా కదిలింది. డబ్బాల్లో, కొంగు ముడుల్లో, పసుపు గుడ్డల్లో ఉన్నవన్నీ తెచ్చి చూపిస్తున్నారు. ఊరి మందలో ఒక్క చెవికీ బిళ్ల లేదని నవీన్‌కుమార్‌కు అప్పుడర్థమైంది.

పడమట మబ్బు నల్లగా లేచింది. బిచ్చయ్య అటు చూసి, లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మాయి ఎట్లాగు పోయినయి. మల్లేశ్వరోళ్లయి జర ఇయ్యాల్నే చెవులకేసి పో సారూ. మల్ల వానొచ్చెటట్టుంది."

కత్తిరించిన బిళ్ల మళ్లీ పనికిరాదు. కొత్తవి వచ్చే ఏడాది క్యాంపుకు గానీ రావు.

"నా దగ్గర బిళ్లల్లేవు పెద్దాయనా," అన్నాడు నవీన్‌కుమార్.

అందరూ తమ చేతుల్లోని బిళ్లల వైపు చూసుకున్నారు.