అర శ్రుతి

బాలస్వామి హార్మోనియం మూత తీసి, పాత ధోవతి ముక్కతో ఒక్కో మెట్టూ తుడిచాడు. ఈమధ్య అతని చిటికెన వేలు సరిగా వంగడం లేదు. దాన్ని వేడి టీ గ్లాసుకు ఆనించి కాసేపు కాచుకున్నాడు. భార్య పోయాక లాలాపేట్‌లోని ఆ ఒంటిగదిలో చప్పుడు చేసేది ఆ పెట్టె ఒక్కటే. ఉద్యోగమున్నన్నాళ్లూ పగలు వారాసిగూడ ప్రెస్సులో పెళ్లిపత్రికలు అచ్చువేశాడు, సాయంత్రాలు నాటకాలకు వాయించాడు. వేదిక పక్కన ఒదిగి కూర్చుంటాడు కాబట్టి జనానికి అతని ముఖం కూడా సరిగా తెలియదు.

ఈవేళ యూనివర్సిటీలో మధ్యాహ్నం ఆట. తాతలనాటి పద్యనాటకం. రాజు వేషాన్ని ఇద్దరు పంచుకుంటారు. ముందు సగం నరహరి, తరువాతి సగం కరుణాకర్. ప్రార్థనకు పెట్టిన శ్రుతి మంగళం పాడేదాకా మార్చకూడదన్నది నాటక కంపెనీలో కట్టుబాటు. బాలస్వామిని తినేస్తున్నది అదే. నరహరి గొంతు జారిపోతోంది. కిందటి దసరా నుంచి ఎవరికీ చెప్పకుండా బాలస్వామి ఎప్పుడూ పెట్టే అయిదు శ్రుతి కంటే అర శ్రుతి దించి వాయిస్తున్నాడు. నరహరి నిలబడ్డాడు. ఆ దిగువ శ్రుతిలో కరుణాకర్ పద్యాలు మాత్రం చప్పబడ్డాయి.

ఆటో తార్నాక చౌరస్తాలో ఆగినప్పుడు ఫోన్ మోగింది.

"కాకా, ఇయ్యాల అయిదు శ్రుతి పెట్టు. మా ఆఫీసోళ్లు వస్తున్నరు," అన్నాడు కరుణాకర్.

"సూద్దాం తియ్యి బిడ్డా."

"సూద్దాం గాదు. పెట్టకుంటే అందరి ముందట అడుగుత."

బాలస్వామి పెట్టెను రెండు చేతులా పొదువుకున్నాడు.

మేకప్ గదిలో నరహరి అద్దం ముందు కూర్చుని రంగు వేసుకుంటున్నాడు. కరుణాకర్ గోడవైపు తిరిగి నడుముపట్టీ బిగించుకుంటున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు. రాణి వేషం వేసే శైలజ సవరం పెట్టుకుంటూ అంది:

"ఒక్కడు సాలడని ఇద్దరు మొగుళ్లనిచ్చిండ్రు నాకు. ఇద్దరూ మాట్లాడుకోరు. నేనెట్ల కాపురం చెయ్యాలె?"



కరుణాకర్ ఒక్కసారిగా ఇటు తిరిగాడు. "పెద్దాయనా, నీకోసం కాకా శ్రుతి దించి వాయిస్తుండు. నీకు తెల్వదా?"

నరహరి చేతిలో కుంచె ఆగింది. అద్దంలోంచే చూశాడు. "ఔనా, బాలయ్యా?"

బాలస్వామి హార్మోనియం మూత సర్దుకున్నాడు. "లేదన్నా," అన్నాడు. "ఎప్పటి అయిదే."

"అయితే ఇయ్యాల గూడ అదే పెట్టు."

ప్రార్థనప్పుడు కరుణాకర్ వచ్చి అతని భుజం పక్కనే నిలబడ్డాడు. కళ్లు మెట్ల మీద ఉన్నాయి. బాలస్వామి వేలు అలవాటైన చోటికి పోబోయి ఆగింది. అసలైన అయిదు పెట్టాడు.

మొదటి పద్యాలు గడిచాయి. రాజు రాజ్యం వదిలే పద్యం వచ్చింది. నరహరి రాగం ఎత్తుకున్నాడు. మెడనరాలు ఉబ్బాయి. పై షడ్జం అందుకోబోయి గొంతు చీలింది. గాలి తప్ప ఏమీ రాలేదు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బాలస్వామి తిత్తి ఆపకుండా వట్టి శ్రుతినే పట్టుకుని కూర్చున్నాడు. అంతకుమించి చేయగలిగింది లేదు.

అప్పుడు తెర పక్కనుంచి, ఎవరికీ కనిపించకుండా, కరుణాకర్ ఆ రాగాన్ని అందుకుని చివరిదాకా తీశాడు. నరహరి పెదవులు కదుపుతూ చేతులు చాచి నిలబడ్డాడు. "వన్స్ మోర్!" అని విద్యార్థులు అరిచారు. నరహరి వాళ్లకు దండం పెట్టి లోపలికి నడిచాడు.

సగం ఆట ముగిసి తెర పడింది. నరహరి తన తలమీది కిరీటం తీసి కరుణాకర్ తలకు పెట్టి, సరిచేశాడు. హార్మోనియం దగ్గరికి వచ్చి వంగాడు.

"నాకు మొదటి దినమే ఎరికైంది బాలయ్యా. గొంతు నాది గాదా? నువ్వు నోరు తెరిసి చెప్తవని సూసిన."

"అన్నా..."

గంట మోగింది. తెర లేచింది. బాలస్వామి చేతులు మెట్ల మీదికి వెళ్లిపోయాయి. మిగిలిన సగమంతా అతని చూపు నరహరి వెళ్లిన పక్కతలుపు మీదే ఉంది. కరుణాకర్ చాలా బాగా పాడాడు. 

మంగళం కాగానే బాలస్వామి మేకప్ గదిలోకి పరుగెత్తాడు.

"పోయిండు కాకా," అంది శైలజ. "ముఖం గూడ కడుక్కోలే. ఇగ రానన్నడు."

కరుణాకర్ కిరీటం ఒళ్లో పెట్టుకుని తలవంచుకున్నాడు.

నరహరి కూర్చున్న కుర్చీ ముందు, అద్దం మూలన, రాజు మీసం అంటించి ఉంది. జిగురు ఇంకా ఆరలేదేమో, అది మెల్లగా కిందికి జారుతోంది.