కుడికాలి పీట

నేను ఒక ఇనుప స్టాండుని. నిలబడటమే నా ఉద్యోగం. ఇళ్లలో జాకెట్లు కుట్టే మిషన్ల కింద నాజూగ్గా నిలబడే సన్నకాళ్ల జాతి కాదు నాది. తోలు పట్టీలు, లారీ బరకాలు కుట్టే బరువైన ఫ్యాక్టరీ మిషన్‌ని మోయడానికి పోతపోసిన సరుకుని. గొప్పలకు చెప్పడం లేదు. నన్ను తప్పుగా గుర్తుపడితే ఏమైందో ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. గురువారం లారీ వస్తుంది. ఆ తర్వాత చెప్పడానికి నేనుండను.

పుట్టింది కొలిమిలో, పెరిగింది ఓ గోనెసంచుల మిల్లులో. నా పెడల్ మీద ఎన్ని పాదాలు ఆడాయో లెక్క లేదు. మిల్లు మూతపడ్డాక బెజవాడ శివార్లలో లారీ బరకాలు కుట్టే రత్నభూషణం నన్నూ, నా మీది మిషన్‌ హెడ్డునూ తెచ్చుకున్నాడు. తన కోసం కాదు, కూతురు తబిత కోసం. పోలియో వచ్చి ఆమె కుడికాలు చేతికర్రలా సన్నబడిపోయింది.

రత్నభూషణం నా పెడల్‌ని ఎడమ పక్కకు జరిపి బిగించాడు. కుడికాలు గాల్లో వేలాడితే నడుము లాగేస్తుందని, నా కుడి కాలికి జానెడు ఇనుప పీట ఒకటి అతికించాడు. పోతఇనుము మాటంటే పడని మనిషి లాంటిది, తొందరపెడితే పగులుతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. పొద్దున్నే నన్ను బొగ్గుల మీద పడుకోబెట్టి, మధ్యాహ్నం దాకా మెల్లగా వేడి చేసి, ఇత్తడి కరిగించి అతుకు వేశాడు. తర్వాత ఒళ్లంతా బూడిద కప్పి మర్నాటిదాకా ముట్టుకోలేదు.

"పెళ్లికూతురిక్కూడా ఇంత నలుగు పెట్టరయ్యా!" అని ఎదురింటాయన నవ్వాడు.

ఇరవై రెండేళ్లు ఆ పీట మీద తబిత కుడికాలు పడుకుంది, ఎడమకాలు పనిచేసింది. ఆమె కుట్టిన బరకంలోంచి చుక్క దిగదని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. ఆ పొగడ్తలో నాకూ వాటా ఉందనుకుని పొంగిపోయేదాన్ని. రత్నభూషణం పోయాక ఇంటికి ఆధారం ఆ కుట్టే.

వాగు పొంగిన ఏడు ఇంట్లోకి నీళ్లొచ్చాయి. పక్కవాళ్లు హెడ్డుని ఊడదీసి అటకెక్కించారు. నన్నెత్తడానికి నలుగురు కావాలి, అక్కడున్నది ఇద్దరు. తబిత చుట్టాలింటికి వెళ్లి తిరిగొచ్చేసరికి, వీధిలో బురద ఎత్తినవాళ్లు విరిగిన మంచాలతో పాటు నన్నూ ట్రాక్టర్లో వేసుకుపోయారు. అలా మస్తాన్ పాత ఇనుప కొట్లో తేలాను.

తబిత వేరే స్టాండ్లు ప్రయత్నించిందని తర్వాత మస్తాన్ చెప్తుంటే విన్నాను. పెడల్ నడిమధ్యన, కుడికాలికి ఆసరా లేదు. పూట గడిచేసరికి నడుము పట్టేసేది. దాంతో పని ఆగింది. కర్ర పట్టుకుని కొట్టు కొట్టూ తిరిగి, చివరికి మస్తాన్ దగ్గరకొచ్చింది.

"కుడికాలికి చిన్న పీట ఉంటది భాయ్. అతుకు పచ్చగా, ఇత్తడిది. అదొక్కటే గుర్తు."

"అయ్యో, మొన్ననే మోహనాచారి గారు పట్టుకెళ్లారమ్మా! పాతవి బాగుచేసి కొత్తగా చేస్తారాయన. పొద్దున్నే వెళ్లు, దొరుకుతుంది."

మోహనాచారి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఒక కాఫీ హోటలు వాళ్లకి పాత మిషన్ స్టాండు మీద రాతిపలక వేసిన బల్ల కావాలట. నా ఒంటిమీది మూడు రంగులు ఓపిగ్గా గీకాడు. అడ్డకమ్మీ మీద పోతలోనే పడిన అంకెలు బయటపడ్డాయి. కాళ్ల మందం చూశాడు, పైన బోల్టు కన్నాల మధ్య దూరం కొలిచాడు, ఫోన్‌లో పాత ఫొటో ఒకటి పెట్టుకుని పోల్చాడు.

"ఇంటి మిషన్‌ది కాదే! ఫ్యాక్టరీ స్టాండు!" అని మురిసిపోయాడు.

నేనూ మురిసిపోయాను. ఇన్నేళ్లకి నా పుట్టుక తెలిసినవాడు దొరికాడు కదా! అంతలో ఆయన కళ్లు పీట మీద పడ్డాయి. ఫొటోలో పీట లేదు. ఫొటోలో పెడల్ మధ్యలో ఉంది.

"ఎవడో తెలివితక్కువవాడు పాడుచేశాడు" అంటూ గ్రైండర్ అందుకున్నాడు.

అరవాలనుకున్నాను. స్టాండ్లకి నోరు పెట్టే అచ్చు ఇంకా ఎవరూ చేయలేదు. పీట కింద పడింది. అతుకు నున్నగా అరగదీసి, పెడల్ మధ్యకు జరిపి, నల్లరంగు పూశాడు. అద్దంలా ఉన్నానట.

మర్నాడు పొద్దున తబిత వచ్చింది. నన్ను చూసింది, నా కుడికాలు తడిమింది, తల అడ్డంగా ఊపింది.

"ఇది మాది కాదు బాబాయ్."

వెనుదిరగబోతూ తుక్కు బకెట్ దగ్గర ఆగిపోయింది. వంగి పీట తీసింది. పచ్చటి ఇత్తడి అంచు మీద వేలు పెట్టింది. తర్వాత నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఇది మా నాన్న చేసింది."

ఆచారి ఆమె కాలు చూశాడు, పీట చూశాడు.

"తెలియలేదమ్మా... నువ్వలా కూర్చో. క్షణంలో అతికించేస్తాను. మళ్లీ కూర్చుని కుట్టుకుందువుగాని."

ఆ క్షణమే నా కొంప ముంచింది. చేతిపని తెలిసినవాడే, కానీ ఆమె ఎదురుగా కన్నీళ్లు పెట్టుకుని కూర్చుంటే బొగ్గులు, బూడిద, మర్నాటిదాకా ఆగడం ఎవరికి గుర్తుంటాయి? గ్యాసు మంట నేరుగా నా కాలి మీద పెట్టాడు. అతుకు పడింది. ఆమె నవ్వింది కూడా. చల్లారుతుండగా టక్‌మని ఒక్క చప్పుడు వినిపించింది. నా కుడికాలు పైనుంచి కింది దాకా చీలిపోయింది.

"ఇంకోటి వెతికి, ఇలాగే చేసిస్తానమ్మా" అని ఆచారి అంటూనే ఉన్నాడు. ఆ మాట మీద ఆయనకే నమ్మకం లేదని గొంతులో తెలుస్తోంది. తబిత ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. చీలిన కాలి నుంచి పీటని విడిపించి ఇమ్మని మాత్రం అడిగింది. దాన్ని పైటచెంగుతో తుడిచి సంచిలో పెట్టుకుని, కర్ర ఊనుకుంటూ వెళ్లిపోయింది.

నన్ను మళ్లీ మస్తాన్ కొట్లో పడేశారు. గురువారం లారీలో కరిగించేచోటికి పోతాను. మంట అంటే భయం లేదు, అందులోంచే వచ్చాను. నన్ను తినేస్తున్నది వేరే ఉంది. ఇవాళ కూడా ఆ ఇంటి ముందు ఎవరో డ్రైవరు చిరిగిన బరకం తెచ్చి నిలబడి ఉంటాడు, ఆమె కుట్టలేనని చెప్పి పంపేస్తుంటుంది. అటక మీద హెడ్డు ఉంది. ఆమె ఒళ్లో పీట ఉంది. వాటి మధ్యన ఉండాల్సిన నేనొక్కదాన్నే లేను.