ప్రేమలీల డప్పు పాటలు

తోటపల్లి గూడూరు ప్రేమలీల గొంతు తెలియని క్రైస్తవ ఇల్లు ఆ తీరంలో లేదు. ఆమె భక్తి గీతాల రికార్డులు గూడూరు పట్నం బజారుకు వచ్చినవి వచ్చినట్టే అమ్ముడుపోయేవి. పెళ్లిపందిట్లో మైకు కట్టగానే మొదట ఆమె ప్లేటే పెట్టేవారు.

1958లో మద్రాసు రికార్డుల కంపెనీవాళ్లు మళ్లీ పిలిచినప్పుడు ఆమె హార్మోనియం వద్దంది. తనవెంట డప్పులు కొట్టేవాళ్లను రైలెక్కించుకుని తీసుకెళ్లింది. పాటలూ భక్తివి కావు. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి పెళ్లాం గడప బయట నిలబెట్టి కడిగేసే పాటలు. వాటిని గొంతు సన్నం చేయకుండా, నాట్లలో ఆడవాళ్లు పాడినట్టు బిగ్గరగా పాడింది.

ప్లేట్లు వచ్చాయి. ఊరు భగ్గుమంది. సంఘ పెద్ద క్రీస్తుదాసు ఆరాధన ముగిశాక అందరి ముందే ఆమెను నిలదీశాడు.

"చావులకీ జాతర్లకీ కొట్టే డప్పది. మన తాతలు దాన్ని దించి బైబిలు ఎత్తుకున్నారు. నువ్వు మళ్లీ తెచ్చి మా మెడలో తగిలిస్తావా?"

"మా తాత దించలేదు పెదనాయనా. ఆదివారం బైబిలు, తక్కిన రోజులు డప్పు. నేను తాళం నేర్చుకున్నది ఆయన దగ్గరే" అంది ప్రేమలీల.

ఆ మాటతో ఆమెను చర్చి పాటల బృందంలోంచి తీసేశారు. గూడూరులో రికార్డుల కొట్టు పద్మనాభయ్య అమ్ముడుపోని ప్లేట్లను కట్టలు కట్టి కంపెనీకి తిప్పి పంపాడు. కంపెనీ ఆమెను మళ్లీ పిలవలేదు. ఆమె పల్లె బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. బాధపడిందా అంటే పడింది. ఆ పాటలు పాడకుండా ఉండాల్సిందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఎనిమిదేళ్ల తరవాత క్రిస్మస్‌కు కోట ఊరి నుంచి కుర్రవాళ్ల బృందం వచ్చింది. చర్చి ముందు పందిట్లో డప్పులు కాచుకుని పాట ఎత్తుకున్నారు. పాట యేసు పుట్టుక గురించే. కానీ ఆ ఎత్తుగడ, మాట మధ్యలో ఆగి డప్పుకు దారి వదలడం, అన్నీ ప్రేమలీల ప్లేట్లలో ఉన్నట్టే ఉన్నాయి. జనం లేచి చప్పట్లు కొట్టారు.

పక్కనే కూర్చున్న పాస్టరుగారి భార్య రెబెక్కమ్మ ప్రేమలీల మోచేయి పట్టుకుంది. "నీ వరసే గదా లీలా ఇది!"

"పోలిక ఉండాది" అంది ప్రేమలీల.

పాట అయ్యాక బృందానికి పెద్దయిన యెహోషువను పిలిచింది. "ఈ వరస ఎవురు నేర్పినారు అబ్బయ్యా?"

"ఎవురూ నేర్పలేదక్కా. సూళ్లూరుపేట దిక్కు అరవోళ్లు ఇట్టానే కొడతారు. చూసి పట్టుకున్నాం."

"ప్లేటేదన్నా ఇన్నారా?"

అతను ఆలోచించాడు. "మాకు డప్పు నేర్పిన జకరయ్య మామ, ఎప్పుడో టీకొట్లో ఎవురో ఆడమనిషి ప్లేటు ఇన్నానంటాడు. పేరు తెలవదు."

రెబెక్కమ్మ నోరు తెరవబోయింది. ప్రేమలీల ఆమె చేయి నొక్కింది. ఆ జకరయ్యకూ డప్పు కొట్టే తాత ఉండే ఉంటాడు. ఎవరిది ఎవరికి వచ్చిందో తేల్చడం ఎవరి తరం? ఆమెకు సంతోషం వేసింది, కొంచెం కడుపు మండింది కూడా.

"రెండో చరణంలో తొందరపడతా ఉండారు. డప్పును ముందు పోనీయండి. ఏదీ, మళ్లీ ఎత్తు" అంది.

యెహోషువ ఎత్తాడు. రెండో చరణం దగ్గర తడబడితే ఆమె అందుకుంది. ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. క్రీస్తుదాసు కుర్చీలోంచి లేచి ఇంటికి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు కదల్లేదు.

మరుసటి ఏడు కోటవాళ్లు పండుగకు బండి పంపి ఆమెను పిలిపించుకున్నారు. ఆమె ప్లేట్ల సంగతి యెహోషువకు ఎప్పుడు తెలిసిందో, అసలు తెలిసిందో లేదో, ఆమె అడగలేదు.