ఒక్క బీడీ ఎండ

బాబు సాహెబ్‌కు గడియారం లేదు. పుంగనూరులో ఇరవై ఏళ్ళుగా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్న మనిషి, ఎండను బీడీలతో కొలిచేవాడు. అంగడి ఉన్న సందులోకి ఎండ రాదు కాబట్టి ఆ కొలత మా మిద్దె మీద జరిగేది. ఒక పక్క నా వడియాలు, ఇంకో పక్క ఆయన స్క్రీన్.

స్క్రీన్ అంటే చెక్క చట్రానికి బిగించిన సన్నని గుడ్డ. దానికి చీకటి గదిలో మందు పూసి ఆరబెడతారు. బొమ్మ గీసిన ట్రేసింగ్ కాగితం దానిమీద పరిచి, పైన అద్దం పెట్టి ఎండకు చూపిస్తారు. ఎండ తగిలిన చోట మందు గట్టిపడుతుంది. నల్లగీతల చాటున ఉన్న మందు మాత్రం నీళ్ళు పోస్తే కరిగిపోతుంది. ఆ ఖాళీల్లోంచే రంగు కాగితం మీదికి దిగుతుంది. ఎండ తక్కువైతే బొమ్మంతా కొట్టుకుపోతుంది. ఎక్కువైతే ఎన్ని నీళ్ళు పోసినా గీత తెరుచుకోదు. ఈ రెంటికీ మధ్య ఉన్నది సరిగ్గా ఒక్క బీడీ.

తొంభై ఎనిమిది మాఘమాసంలో డాక్టరు ఆయన ఛాతీ విని మొహం అదోలా పెట్టాడు. భార్య అజీజాబీ అదే రోజు ఆయన చెయ్యి తన నెత్తిన పెట్టించుకుంది. "ఇంక బీడీ ముట్టుకుంటే నన్ను మట్టి జేసినట్టే" అంది.

అప్పుడే పశువుల ప్రదర్శన పోస్టరు పని వచ్చింది. పుంగనూరు ఆవు బొమ్మ, రెండు రంగులు. ఆ ఆవును గీసింది నేను. పెళ్ళయిన ఆరేళ్ళకు, ముగ్గు చుక్కలు పెట్టకుండా నేను గీసిన మొదటి బొమ్మ. కనురెప్పల వెంట్రుకలకే రెండు మధ్యాహ్నాలు పట్టాయి.

బీడీ లేకుండా పెట్టిన మొదటి స్క్రీన్‌లో ఆవు కొమ్ములతో సహా తూములోకి పోయింది. రెండోదాంట్లో అసలు పుట్టనే లేదు. బాబు సాహెబ్ మిద్దె మీద చతికిలబడ్డాడు.

"సాలమ్మా. బీడీ తాగితే ఆమె సచ్చిపోతాదంట. తాగకుంటే నా పని సస్తాండాది. అంగడి మూసేస్తా."

నాది బి.ఎస్సీ. ఫిజిక్సు. పెళ్ళయ్యాక దాన్ని దోసెపిండి పులిసే వేళ లెక్కకట్టడానికి తప్ప వాడింది లేదు. చేతి వాచీ, నోటుపుస్తకం పట్టుకుని మిద్దె ఎక్కాను. మూడు నిమిషాలు పెట్టించాను. పరీక్షకని ఆయన పెట్టిన పాత పెళ్ళికార్డు బొమ్మ చక్కగా తెరుచుకుంది. ఆ సాయంత్రం మా ఆయనతో కాస్త పెద్ద గొంతుతో మాట్లాడాను. మర్నాడు అదే మూడు నిమిషాలకు పలచని మబ్బు అడ్డం వచ్చింది. ఈసారి ఆవు పోయి తోక మిగిలింది.

"ఇంతకు ముందు మబ్బు పడితే ఏం జేస్తాంటివన్నా?" అని అడిగాను.

"ఏం జేస్తాను, బీడీ తాగుతాంటి."

"ఎండ పెళపెళా కాస్తాంటే?"

"అప్పుడూ బీడీనే."

"రెండూ ఒకే సేపు కాలతాయా?"

ఆయన నా చదువు మీద జాలిపడ్డట్టు చూశాడు. "బీడీకి సేపేందమ్మా? అయిపోయిందాకా."

వడియాలు తిరగేస్తూ నేను ఎన్నోసార్లు చూసిందే అది. మబ్బు పడితే ఆయన బీడీని వేళ్ళ మధ్య మరిచిపోయేవాడు. అది ఆరిపోయేది, మళ్ళీ అంటించేవాడు. ఎండ మండితే గబగబా పీల్చేవాడు. ఎండను లెక్కపెట్టింది బీడీ కాదు, నువ్వే అన్నాను.

"నేను పీల్చింది పొగ గదా. ఎండ సంగతి నాకెట్ల తెలుస్తాది?" అని కొట్టిపారేశాడు.

మర్నాడు ఇంకో దారి పట్టాను. "నా వాచీని నమ్మన్నా. నేను సెప్పినప్పుడు అద్దం తియ్యి" అన్నాను. పొద్దునే ఇంట్లో దాని కీ పైకి లాగి ముల్లు ఆపేసి వచ్చాను. ఆయన స్క్రీన్ ఎండలో పెట్టాక, అజీజాబీ తమ్ముడు కడుతున్న ఇంటి సంగతి ఎత్తాను. ఆ గోడలు వంకరని చెప్పడం మొదలుపెడితే ఆయనకు లోకం కనబడదు. మధ్యలో మబ్బొచ్చింది. మాట నెమ్మదించింది. మబ్బు పోయింది. ఆయన కళ్ళు చికిలించాడు. వంటింటి గోడ దాకా వచ్చిన కథ ఆగకుండానే, కుడిచెయ్యి దానంతటది చొక్కా జేబులోకి పోయింది. మొదటిది అయిపోయినట్టు, రెండో బీడీ కోసం. ఏమీ దొరక్క వెనక్కి వచ్చింది.

"అయింది, తియ్యన్నా!" అని అరిచాను.

నీళ్ళు పోశాడు. ముందు మూపురం తెరుచుకుంది, తర్వాత కొమ్ములు. చివర్న కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ.

"మంచి వాచీ అమ్మా. యాడ కొన్నారు?"

చేతికిచ్చాను. పదీ ఇరవై దగ్గర ఆగి ఉంది. నడినెత్తిన సూర్యుడు. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. జరిగింది చెప్పాను. ఆయన తన కుడిచేతిని ఎవరి చేతినో చూసినట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఇరవై ఏండ్లు ఆ పని బీడీ జేస్తాండాదనుకుంటి" అన్నాడు. గొంతులో సంతోషం ఉందో, చిన్నతనం ఉందో నాకు తెలియలేదు.

సద్ది తెచ్చిన అజీజాబీ మెట్ల మీద అంతా విన్నది. "అంటే ఇంత పొగా ఊరికే తాగినావా?"

"ఊరికే గాదు. నేర్సుకునేదానికేమో."

"ఇరవై ఏండ్లా? మన మోసిన్ గాడు పదో తరగతి మూడు తూర్లకే పాసాయ గదా!"

రెండో రంగు స్క్రీన్ మిగిలి ఉంది. ఆయన కాగితం పరిచి అద్దం పెట్టి, నావైపు తిరిగాడు.

"నువ్వు నా సెయ్యి సూడొద్దమ్మా. నువ్వు సూస్తే అది పోదు."

నేనూ అజీజాబీ ఇద్దరం నీళ్ళ తొట్టివైపు తిరిగి నిలబడ్డాం. ఆమె పెదవులు ఏవో అంటున్నాయి. నేను నిమిషాలు లెక్కపెట్టబోయి మానుకున్నాను. అద్దం తీసిన చప్పుడైంది. నీళ్ళ చప్పుడైంది. అదీ ఆగింది.

తిరిగి చూశాం. బాబు సాహెబ్ చట్రాన్ని ఆకాశానికి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆవు ఒంటి మచ్చల్లోంచి వెలుతురు ఆయన మొహం మీద పడుతోంది.

"ఎర్రమట్టి రంగు కలపల్ల" అని, అన్నం తినకుండానే అంగడికి దిగిపోయాడు.